డేంజరస్ టాకిల్ మీద ఏఎఫ్‌ఎల్ తీర్పులు: ఈలకు నాలుగు స్టార్లు, ఫైలుకు రెండున్నర

ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్‌లో ఒక టాకిల్, అంటే బంతి ఉన్నవాణ్ని పట్టుకుని ఆపడం, ప్రమాదకరమా కాదా అన్నది ఒక్కచోట తేలదు. మైదానంలో అంపైర్ ఈల వేసి ఫ్రీ కిక్ ఇస్తారు, లేదా ఇవ్వరు. ఆట అయ్యాక మ్యాచ్ రివ్యూ ఆఫీసర్ వీడియో ముందేసుకుని దానికో గ్రేడ్ వేస్తారు. క్లబ్‌కి అది నచ్చకపోతే ట్రిబ్యునల్‌కి, అక్కడా నచ్చకపోతే అప్పీల్స్ బోర్డుకి. నాలుగు కౌంటర్ల ఆఫీసు అన్నమాట. ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్ (ఏఎఫ్‌ఎల్) నడిపే ఈ సర్వీసులో మొదటి కౌంటర్ పనితనం బాగానే మెరుగైంది. తిరకాసంతా రెండో కౌంటర్ దగ్గర మొదలవుతుంది.

ఆట కొత్తవాళ్లకు రెండు ముక్కలు. కోడిగుడ్డు ఆకారపు పెద్ద మైదానం, ఒక్కో జట్టు నుంచి 18 మంది. బంతి ఉన్నవాణ్ని భుజాలకు కింద, మోకాళ్లకు పైన ఎక్కడైనా పట్టుకోవచ్చు. కబడ్డీ చూసే కళ్లకు పట్టు కొత్త కాదు గానీ, ఇక్కడ పట్టు దొరికాక బంతి ఏమైందన్నదే అసలు లెక్క. దొరికినవాడు బంతిని కాలితో తన్నాలి, లేదా ఒక అరచేతిలో పెట్టుకుని రెండో చేతి పిడికిలితో గుద్ది పంపాలి. దీన్నే హ్యాండ్‌బాల్ అంటారు. విసిరితే తప్పు. అంటే హ్యాండ్‌బాల్‌కి రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. ఒక్క చెయ్యి కట్టేసినా హ్యాండ్‌బాల్ పోయినట్టే, రెండూ కట్టేస్తే బంతి అక్కడే చచ్చిపోతుంది.

టాకిల్ చేసేవాడికి కావలసింది కూడా అదే. బంతిని వదిలించుకునే అవకాశం ముందే వచ్చినా వాడుకోనివాడు దొరికిపోతే, పట్టుకున్నవాడికి హోల్డింగ్ ద బాల్ కింద ఫ్రీ కిక్. స్టేడియం అంతా ఒక్క గొంతుతో ‘బాల్’ అని అరుస్తుందే, అది ఈ ఫ్రీ కిక్ కోసమే. అవకాశం రాకముందే దొరికినా, బంతి కదలకుండా చేస్తే కనీసం బాల్-అప్, అంటే అంపైర్ బంతిని పైకి ఎగరేసి ఆట మళ్లీ మొదలుపెట్టడం. కాబట్టి చేతులు కట్టేస్తే ఆట నియమాలు బహుమానం ఇస్తాయి. ఇప్పుడు ట్రిబ్యునల్ మార్గదర్శకాలు తెరవండి. టాకిల్ ప్రమాదకరమా అని చూసేటప్పుడు గమనించాల్సిన అంశాల్లో ఒకటి, దొరికినవాడి చేతులు బిగిసిపోయి తనను తాను కాపాడుకునే వీలు లేకుండా పోయిందా అన్నది. ఒక పుస్తకం శభాష్ అన్న పనిని ఇంకో పుస్తకం నేరానికి ఆనవాలుగా రాసుకుంది. ఈ సర్వీసు మీద వచ్చే ఫిర్యాదుల్లో సగం ఈ అతుకు దగ్గర పుట్టేవే. దీనికి అంపైర్లను తిట్టి లాభం లేదు.

మార్గదర్శకాల్లో ఇంకో మూడు అంశాలున్నాయి. టాకిల్‌లో ఒకటికి మించి చర్యలున్నాయా అన్నది మొదటిది. మనిషిని నేల మీంచి ఎత్తడం, తలకిందులుగా దింపే స్పియర్ టాకిల్ లాంటివి, అంటే స్వభావంలోనే ప్రమాదం ఉన్నవి రెండోది. అవసరానికి మించిన బలంతో విసిరేయడం, తిప్పడం, నేలకేసి కొట్టడం మూడోది. ఈ నాలుగూ బాగా రాసిన అంశాలు. మైదానంలో కంటికి కనిపించే వాటినే రాశారు, మనసులో ఏముందో ఊహించమనలేదు.

దగ్గర నుంచి చూస్తే ఒక టాకిల్ ఇలా జరుగుతుంది. వెనక నుంచి వచ్చినవాడు రెండు చేతులూ చుట్టేస్తాడు. దొరికినవాడి కుడి మోచెయ్యి పక్కటెముకలకు అతుక్కుపోతుంది, బంతి కడుపు దగ్గర ఇరుక్కుంటుంది. ఇదొక చర్య, ఇందులో తప్పేం లేదు. దొరికినవాడు ఇంకా కాళ్ల మీదే ఉన్నాడు, బంతిని కాలి మీదికి జారవిడవడానికి నడుము తిప్పుతున్నాడు. పట్టుకున్నవాడికి అది నచ్చదు. తన కాలు అడ్డం పెట్టి, తుంటిని ఇరుసుగా చేసుకుని తిప్పి పడేస్తాడు. ఇది రెండో చర్య, దీన్నే స్లింగ్ అంటారు. మామూలుగా పడేవాడు చెయ్యి చాపి నేలను ఆపుకుంటాడు. ఇక్కడ ఆ చెయ్యి లేదు. భుజం ముందు తగిలితే అదృష్టం, లేకపోతే ముందు తగిలేది చెంప, కణత. మొదటి చర్యకీ రెండో చర్యకీ మధ్య ఒక్క క్షణం సందు. అంపైరింగ్ గొప్పతనమంతా ఆ సందులో ఈల పడిందా లేదా అన్న దాంట్లో ఉంది.

ఇక్కడే మొదటి కౌంటర్‌కి మార్కులు పడతాయి. 2024 మే చివర్లో, సీజన్ నడుస్తుండగానే, టాకిల్‌లో చిక్కినవాడికి బంతి వదిలించుకోవడానికి ఇస్తున్న వ్యవధిని కుదించమని ఏఎఫ్‌ఎల్ అంపైర్లకు చెప్పింది. పైకి ఇది హోల్డింగ్ ద బాల్ గొడవలా కనిపించింది. చాలామంది అభిమానులు దాన్ని అలాగే తీసుకుని పోట్లాడుకున్నారు కూడా. నిజానికి డేంజరస్ టాకిల్‌కి ఇంతకన్నా మంచి మందు లేదు. ఈల ఆలస్యమైన కొద్దీ పట్టుకున్నవాడు ‘ఇంకా ఏదో చెయ్యాలి’ అనుకుంటాడు, ఆ ఏదో చెయ్యడమే స్లింగ్. తొందరగా ఈల పడితే తిప్పాల్సిన పనే ఉండదు. శిక్ష పెంచి చేసేదాని కన్నా ఈల ముందుకు జరిపి చేసేది ఎక్కువ.

2023 నుంచి ఒక్కో మ్యాచ్‌కి నలుగురు ఫీల్డ్ అంపైర్లు ఉంటున్నారు. 1994 నుంచి అప్పటిదాకా ముగ్గురే. డేంజరస్ టాకిల్ విషయంలో నాలుగో మనిషి వల్ల లాభం దూరం తగ్గడం ఒక్కటే కాదు, కోణం దొరకడం. ఈ టాకిల్‌ని పక్క నుంచి చూడాలి. పట్టుకున్నవాడి వీపు వెనక నిలబడ్డ అంపైర్‌కి కనిపించేది ఆ వీపే. అవతలివాడి చేతులు బయట ఉన్నాయా లోపల ఇరుక్కున్నాయా అన్నది తెలీదు. ఎదురుగా ఉన్నవారికి చేతులు కనిపిస్తాయి గానీ ఎంత తిప్పాడో అందదు. పక్క నుంచి చూస్తే రెండూ తెలుస్తాయి. చూపు వరస కూడా ముఖ్యమే: ముందు చేతులు, తర్వాత పాదాలు నేల మీద ఉన్నాయా, తర్వాత తుంటి మలుపు, ఆఖరున తల. మొదటే తల చూసిన అంపైర్ ఫలితాన్ని చూసి ఈల వేస్తారు, చర్యను చూసి కాదు.

తప్పులు ఎక్కడ జరుగుతాయంటే, ఎక్కువగా గుంపులో. నలుగురైదుగురు బంతి మీద పడ్డప్పుడు ఎవరు తోశారో, ఎవరి బరువు మీద ఎవరు కూలారో తేలదు. ముగ్గురు కలిసి ఒకణ్ని పట్టుకుంటే ముగ్గురి బలమూ ఆఖరివాడి ఖాతాలోకి పోతుంది. ఇంకో తప్పు, అరుపుల ఒత్తిడి. హోల్డింగ్ ద బాల్ వైపు మనసు మొగ్గాక, అదే టాకిల్‌లో వచ్చిన రెండో చర్యను చూసీ చూడనట్టు వదిలేయడం జరుగుతుంది. అలాంటప్పుడు చెయ్యాల్సిన పని నియమాల్లోనే ఉంది. ముందు ఇచ్చిన ఫ్రీ కిక్‌ని తిప్పేసి, పడేయించుకున్నవాడి జట్టుకి ఇవ్వొచ్చు. ఆ ధైర్యం చేసిన అంపైర్‌ని సొంత మైదానం జనం వదలరు గానీ, సరైన పని అదే. దెబ్బ తగిలినవాడు కిక్ తీసుకునే స్థితిలో లేకపోతే దగ్గర్లో ఉన్న సహచరుడు తీసుకుంటాడు.

ఇంకో చిక్కు, తలతో మోసం చేసేవాళ్లు. టాకిల్ పడే క్షణంలో మోకాళ్లు వంచి, భుజం ఎగరేసి, చేతులు తన తల మీదికి జారేలా చేసుకుని ఫ్రీ కిక్ సంపాదించడం ఒకప్పుడు కొందరికి వెన్నతో పెట్టిన విద్య. 2022 జులైలో దానికి అడ్డుకట్ట వేశారు. హై కాంటాక్ట్‌కి, అంటే భుజాలకు పైన తగిలే పట్టుకి, దొరికినవాడే కారకుడైతే ఫ్రీ కిక్ లేదు. ఇది డేంజరస్ టాకిల్‌కి నేరుగా సంబంధించింది కాదు. అయినా అంపైర్ బుర్రలో రెండు ప్రశ్నలూ ఒకేసారి తిరుగుతుంటాయి కాబట్టి, ఒకటి సర్దుకుంటే రెండోదానికి కాస్త తీరిక దొరుకుతుంది.

ఒక లోపం మాత్రం స్పష్టం. గోల్ పడిందా లేదా అని వీడియో చూస్తారు గానీ ఫ్రీ కిక్‌కి వీడియో లేదు. ఏఎఫ్‌ఎల్ స్థాయిలో ఆటగాణ్ని బయటికి పంపే కార్డూ లేదు. ఒకణ్ని కంకషన్‌తో (తలదెబ్బకి మెదడు అదరడం) బయటికి పంపినవాడు ఆ రోజంతా ఆడుకోవచ్చు. దెబ్బతిన్న జట్టుకి దక్కేది ఒక్క ఫ్రీ కిక్. చాలా స్థానిక లీగుల్లో పసుపు, ఎరుపు కార్డులు ఉన్నాయి, పైస్థాయిలోనే లేవు. ఒక స్టార్ తగ్గించింది ఇందుకే.

ఇక రెండో కౌంటర్. 2018 నుంచి మ్యాచ్ రివ్యూ ప్యానెల్ స్థానంలో ఒక్క ఆఫీసర్ ఈ పని చూస్తున్నారు. అంపైర్ రిపోర్ట్ (ఆటగాడి మీద అధికారిక ఫిర్యాదు) చేసినా చెయ్యకపోయినా అన్ని టాకిళ్లూ వీడియోలో చూస్తారు. మూడు గళ్లు నింపుతారు. చేసిన పని అజాగ్రత్తా, ఉద్దేశపూర్వకమా. దెబ్బ తీవ్రత తక్కువా, మధ్యస్థమా, ఎక్కువా, అతి తీవ్రమా. తగిలింది తలకా, ఒంటికా. డేంజరస్ టాకిళ్లన్నీ దాదాపుగా అజాగ్రత్త, తల అన్న గళ్లలోనే పడతాయి. మిగిలింది తీవ్రత ఒక్కటే, శిక్షంతా దాని మీదే ఆధారపడుతుంది. తక్కువైతే జరిమానా. మధ్యస్థమైతే 1 మ్యాచ్. ఎక్కువైతే 2. అతి తీవ్రమైతే కనీసం 3.

చూడ్డానికి చక్కటి పట్టిక. గోల ఎక్కడంటే తీవ్రతను ఏం చూసి నిర్ణయిస్తారన్న దగ్గర. క్లబ్ డాక్టర్ ఇచ్చే మెడికల్ రిపోర్టుది ఇందులో పెద్ద పాత్ర. కంకషన్ తేలిందంటే గ్రేడ్ అమాంతం పైకి పోతుంది. ఒకే తీరు టాకిల్ చేసినవాళ్లలో ఒకడు పడేసినవాడు దుమ్ము దులుపుకుని లేస్తే జరిమానా, ఇంకొకడు పడేసినవాడు లేవకపోతే మూడు వారాలు. నేల గట్టిదనం, మెడ బలం, పడ్డ కోణం, ఇవేవీ టాకిల్ చేసినవాడి చేతిలో లేవు. ఇది తెలిసే మార్గదర్శకాల్లో ఇంకో మాట చేర్చారు: డేంజరస్ టాకిల్ లాంటి వాటికి, దెబ్బ తగలకపోయినా, తగిలే అవకాశం ఎంతో కూడా గట్టిగా లెక్కలోకి తీసుకోవాలి. మంచి మాటే. కానీ ఇది గ్రేడ్‌ని పైకి తోయడానికే పనికొస్తోంది. తక్కువ ప్రమాదం ఉన్న టాకిల్‌లో అనుకోకుండా పెద్ద దెబ్బ తగిలినప్పుడు గ్రేడ్‌ని కిందికి దించడానికి అంత ఉపయోగపడట్లేదు. నిచ్చెన పైకే ఉంది.

పాత తీర్పులు వరసగా పెట్టి చూస్తే ఈ లోపం తెలుస్తుంది. 2011లో మెల్‌బోర్న్ ఆటగాడు జాక్ ట్రెన్‌గోవ్ అడిలైడ్‌కి ఆడుతున్న పాట్రిక్ డేంజర్‌ఫీల్డ్‌ని స్లింగ్ టాకిల్ చేసి 3 మ్యాచ్‌లు పోగొట్టుకున్నాడు. ఆరేళ్లకి, 2017లో, అదే డేంజర్‌ఫీల్డ్ జీలాంగ్ తరఫున కార్ల్‌టన్ ఆటగాడు మాథ్యూ క్రూజర్‌ని చేతులు బిగించి పడేసి 1 మ్యాచ్ సస్పెండ్ అయ్యాడు. సస్పెండ్ అయినవాళ్లకు సీజన్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే బ్రౌన్‌లో మెడల్‌కి అర్హత ఉండదు. ఆ ఏడు మెడల్ డస్టిన్ మార్టిన్‌కి వెళ్లింది. అదే సీజన్‌లో కాలింగ్‌వుడ్ ఆటగాడు బ్రోడీ గ్రండీ నార్త్ మెల్‌బోర్న్ ఆటగాడు బెన్ బ్రౌన్‌ని టాకిల్ చేసినందుకు 2 మ్యాచ్‌లు. 2023లో రిచ్‌మండ్ ఆటగాడు నేథన్ బ్రాడ్ అడిలైడ్ కుర్రాడు పాట్రిక్ పార్నెల్‌ని చేతులు కట్టేసి తిప్పి విసిరినందుకు 4 మ్యాచ్‌లు. ఈ నాలుగో దాని మీద ఎవరికీ పేచీ లేదు. చేతులు బిగించడం, రెండో చర్య, తిప్పడం, అనవసరమైన బలం, అన్నీ ఉన్నాయి. పట్టిక అలాంటి కేసులకు సరిగ్గా పనిచేస్తుంది. మధ్యరకం కేసులకే పనిచెయ్యదు.

మధ్యరకానికి 2024లో బ్రిస్బేన్ ఆటగాడు చార్లీ కామెరాన్ కేసులు చాలు. ఏప్రిల్‌లో మెల్‌బోర్న్ ఆటగాడు జేక్ లీవర్ మీద చేసిన టాకిల్‌కి 1 మ్యాచ్ పడింది. ట్రిబ్యునల్‌కి వెళ్తే టాకిల్ తప్పే అన్నారు, గ్రేడ్ కూడా సరే అన్నారు, కానీ ఎప్పుడూ సస్పెండ్ కాని మంచి రికార్డు చూసి జరిమానాతో సరిపెట్టారు. జులైలో వెస్ట్ కోస్ట్ ఆటగాడు లియామ్ డగ్గన్‌ని టాకిల్ చేస్తే అతనికి కంకషన్ అయింది, కామెరాన్‌కి 3 మ్యాచ్‌లు పడ్డాయి. ఆ రౌండ్‌లోనే జీడబ్ల్యూఎస్ (గ్రేటర్ వెస్టర్న్ సిడ్నీ) ఆటగాడు టోబీ బెడ్‌ఫర్డ్‌కి, రిచ్‌మండ్ ఆటగాడు టిమ్ టరాంటోని టాకిల్ చేసినందుకు, మరో 3. ట్రిబ్యునల్ రెండింటినీ నిలబెట్టింది. అప్పీల్స్ బోర్డు రెండింటినీ కొట్టేసింది. కామెరాన్ లెక్క చూడండి: ఒకే సీజన్, రెండు టాకిళ్లు, ఒక్క మ్యాచ్ కూడా పోలేదు. మొదటిసారి కాపాడింది రికార్డు, రెండోసారి అప్పీల్స్ బోర్డు. టాకిల్ ఎలా చెయ్యాలో మాత్రం రెండుసార్లూ ఎవరూ చెప్పలేదు. ఒక ఆటగాడు ఆ తీర్పులు రెండూ చదివి మర్నాడు ట్రైనింగ్‌లో ఏం మార్చుకోవాలి? రెండున్నర స్టార్లకు మించి ఇవ్వలేకపోవడానికి ఇదే కారణం.

ట్రిబ్యునల్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. న్యాయశాస్త్రం తెలిసిన ఛైర్మన్, పక్కన మాజీ ఆటగాళ్లు, వారం మధ్యలో విచారణ, కారణాలతో సహా తీర్పు. వేగంలో దీనికి వంక పెట్టలేం. వాదనలు టాకిల్ మెకానిక్స్ మీద లోతుగా నడుస్తాయి. ఏ ఫ్రేములో ఏ కాలు నేలను వదిలిందో కూడా తేలుస్తారు. స్లో మోషన్‌లో అన్నీ ఉద్దేశపూర్వకంగా కనిపిస్తాయి, అదొక్కటే జాగ్రత్త. సెకనులో ముగిసినదాన్ని అరనిమిషం సాగదీసి చూపిస్తే, ‘చెయ్యి వదలడానికి అంత టైముంది కదా’ అనిపించడం సహజం. మామూలు వేగంలో ఆ టైము లేదు.

మరి ఈ సర్వీసుకి చిక్కకుండా టాకిల్ చెయ్యడం ఎలా? మంచి కోచ్‌లు నేర్పేది ఇదే. రెండు చేతులూ కాదు, ఒక్కటే బిగించాలి. హ్యాండ్‌బాల్ ఆపడానికి ఒక్కటి చాలు, రెండోది ఉంటే వాడు నేలను ఆపుకోగలడు. తల వాడి వీపు వెనక్కో పక్కకో ఉండాలి. పడాల్సి వస్తే వాణ్ని ముందుకు తొయ్యకుండా, తన వైపు లాక్కుని తాను కింద కూర్చున్నట్టు పడాలి. అప్పుడు వాడు పడేది నేల మీద కాదు, టాకిల్ చేసినవాడి మీద. తిరగడం తప్పదనుకుంటే చివరి క్షణంలో ఒక చెయ్యి వదిలెయ్యాలి. వెనక నుంచి పరుగెత్తి పట్టేటప్పుడు ఇదంతా చెప్పినంత తేలిక కాదు. ఇద్దరి వేగమూ ఒకే దిక్కున ఉంటుంది, బరువంతా ముందున్నవాడి ముఖం మీదికి పోతుంది. అందుకే వెనక నుంచి పట్టినప్పుడు పక్కకి ఒరగడం నేర్పాలి. భుజం నేలను ముందు తాకుతుంది. ఈల వినపడ్డాక చెయ్యి వదలకపోవడం అన్నింటికన్నా పెద్ద తెలివితక్కువతనం. అప్పుడు ఫ్రీ కిక్‌తో పోదు, కిక్‌ని 50 మీటర్లు ముందుకు జరిపే పెనాల్టీ కూడా పడొచ్చు.

ఇంత కఠినం ఎందుకంటే కంకషన్. 2021 నుంచి ఏఎఫ్‌ఎల్‌లో కంకషన్ తేలిన ఆటగాడు కనీసం 12 రోజులు ఆడకూడదు. తలదెబ్బల మీద మాజీ ఆటగాళ్ల కోర్టు కేసులున్నాయి, 2023లో ఆస్ట్రేలియా సెనేట్ విచారణ కూడా జరిగింది. ‘ఆట మెత్తబడిపోయింది’ అని టాక్‌బ్యాక్ రేడియోలో గొణిగేవాళ్లు ఈ సంగతి మర్చిపోతుంటారు.

ఇదే సర్వీసు స్థానిక లీగుల్లో వేరేగా ఉంటుంది. చిన్న స్థాయి మ్యాచ్‌లలో ఫీల్డ్ అంపైర్లు ఒక్కరో ఇద్దరో, వీడియో ఉండదు, మ్యాచ్ రివ్యూ ఆఫీసర్ ఉండరు. కాబట్టి రిపోర్ట్ పూర్తిగా అంపైర్ రాసినదాని మీదే నిలబడుతుంది. రాసేటప్పుడు ‘ప్రమాదకరంగా పడేశాడు’ అని రాస్తే విచారణలో నిలవదు. ఏ నంబరు ఆటగాడు, ఏ క్వార్టర్, తాను ఎంత దూరంలో ఏ వైపు నిలబడి చూశారు, ఏ చెయ్యి బిగిసి ఉంది, పాదాలు నేలను వదిలాయా, ఒంట్లో ఏ భాగం ముందు నేలకు తగిలింది, ఇవన్నీ రాయాలి. రిపోర్ట్ చేసినట్టు ఆటగాడికి మైదానంలోనే చెప్పాలి. గాయం సంగతి చివర్లో ఒక్క వాక్యం చాలు, అది డాక్టర్ చూసుకునే పని. సాయం లేకుండా ఒక్కరే ఇంత చూసి, ఇంత రాసే ఆ అంపైర్లకు మాత్రం అయిదు స్టార్లూ ఇచ్చెయ్యొచ్చు.